చదివే ఎత్తాను మాస్టారూ

ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయునికి మిగిలే ఆస్తి పాతశిష్యుల రాకపోకలే. మొన్న మాఘమాసంలో అట్టి శిష్యుడొకడు తన కుమార్తె పెండ్లి శుభలేఖ ఇవ్వడానికి మా యింటికి వచ్చాడు. ఎనిమిదవ తరగతితో చదువు మానినవాడు. మా పట్టణంలో ఒక లారీ పార్సిల్ ఆఫీసులో ముఠాపని చేసుకొంటూ ఇద్దరు బిడ్డలను చదివించుకొన్నాడు. కుడికంటికి చూపు లేదు. మెడ మీదుగా భుజం వరకు చర్మం ముడుతలు పడి ఉంటుంది. ప్రమాదం జరిగి పదకొండేండ్లయిందని నాకు తెలుసు గాని, దాని వివరం ఏనాడూ అడుగలేదు. ఆ రోజు వాడే చెప్పాడు.

లారీ నుండి సరుకు దించుతున్నారు. వాటిలో తెల్లని ప్లాస్టిక్ క్యాను ఒకటి. దానిమీద పామాయిలు కంపెనీ కాగితం అంటించి ఉంది. వే బిల్లులో 'కిరాణా సామాను' అని ఉంది. వీడు దానిని భుజానికెత్తుకొన్నాడు. మూత వదులుగా ఉండి, లోపలిది మెడమీదికి, ముఖంమీదికి ఒలికింది. తోటివారు నూనె అనుకొని గోనెగుడ్డతో తుడిచారు. మంట, మంట అని వీడు అరుస్తుంటే, ఎండదెబ్బ తగిలి నూనె కాగి ఉంటుందన్నారట. చివరికి ఆసుపత్రికి చేర్చినప్పుడు వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న "ఏమిటి పడింది?" అని. ఒక్కరివద్దనూ జవాబు లేదు. అది గాఢ గంధకామ్లమని సాయంకాలానికి గాని తెలియలేదు. పాత నూనె క్యానులో నింపి, తక్కువ కిరాయికి పోతుందని కిరాణా క్రింద వ్రాయించి, ఎవరో వ్యాపారి పంపిన సరుకది.

"డబ్బా మీద ఏమున్నదో చూచుకోవలసింది నాయనా" అన్నాను. అనకూడని మాట అని అన్న తరువాత తెలిసింది.

"చూశాను మాస్టారూ. మీరు నేర్పిన చదువే కదా. పామాయిలు అని ఉంది. చదివే ఎత్తాను."

ముప్పైయేండ్లకు పైగా పిల్లలకు అక్షరాలు దిద్దించినవాణ్ణి. చదువు రాకపోవడం వల్ల మోసపోయినవారిని గురించి ఎన్నో పాఠాలు చెప్పాను. చదువు వచ్చినందువల్ల, చదివినదానిని నమ్మినందువల్ల ఒకడు కన్ను పోగొట్టుకొన్నాడని వినడం అదే ప్రథమం. వాడు వెళ్ళిన తరువాత చాలాసేపు ఆ శుభలేఖను చేతిలో పట్టుకొని కూర్చున్నాను. అందులోని అక్షరాలు నిజమనే నమ్మకంతోనే కదా ముహూర్తానికి వెళ్ళేది అనిపించింది.

ప్రమాదకరమైన సరుకు రవాణా గురించి ఒక తెలుగు పండితునికి ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. ఆమ్లాలూ వాయువులూ నా చదువు కాదు. అయితే పేరు, ఆ పేరు గల వస్తువు, ఈ రెండింటికీ గల సంబంధం నా చదువే. పీపాకు అంటించిన చీటీ, బండికి కట్టిన పలక, సరుకుతో వెళ్ళే కాగితం, ఇవన్నీ భాషతో చేసే పనులే. కావున విశాఖపట్టణంలో ఓడసరుకుల కాగితాల పని చూచే మరొక శిష్యుణ్ణి అడిగి, ఈ నియమాల సంగతి కొంత తెలుసుకొన్నాను. తెలుసుకొన్న కొద్దీ ఆశ్చర్యం కలిగింది.

ప్రమాదకరమైన సరుకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1956లో తొలిసారిగా సిఫారసుల పుస్తకం ప్రకటించింది. అట్టరంగును బట్టి దానిని నారింజ పుస్తకం అంటారు. ఓడలకు, విమానాలకు, రోడ్డు బండ్లకు నేడు ప్రపంచమంతటా ఉన్న నియమాలకు మూలం అదే. సరుకులన్నిటినీ తొమ్మిది తరగతులుగా విభజించారు. ప్రతి సరుకుకూ నాలుగంకెల సంఖ్య ఇచ్చారు. పెట్రోలు 1203. వంటగ్యాసు 1075. క్లోరిన్ 1017. అమ్మోనియా 1005. మా శిష్యుని కన్ను తీసిన గాఢ గంధకామ్లం 1830. తరగతిని తెలుపడానికి మూలమీద నిలబెట్టిన చదరం, అందులో ఒక బొమ్మ. ఎనిమిదవ తరగతి బొమ్మను చూడండి: రెండు గొట్టాల నుండి చుక్కలు పడుతుంటాయి, ఒక చుక్క లోహాన్ని తింటుంది, ఇంకొకటి మనిషి చేతిని తింటుంది. అక్షరం రానివానికి కూడా అది అర్థమవుతుంది.

మాకు అమరకోశం కంఠస్థం చేయించిన రోజులలో అగ్నికి ముప్పైకి పైగా పేర్లు వల్లించాం. ఒకే వస్తువుకు ఎన్ని పేర్లుంటే కవికి అంత వెసులుబాటు. ఛందస్సుకు ఏది ఒదిగితే అది వేసుకొంటాడు. ఈ నారింజ పుస్తకం అమరకోశానికి సరిగా తలక్రిందులైన నిఘంటువు. ఇక్కడ పర్యాయపదాలే ప్రాణాంతకం. ఒకే ఆమ్లాన్ని ఒకడు మ్యూరియాటిక్ ఆమ్లం అంటాడు, ఒకడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం అంటాడు, మరుగుదొడ్లు కడిగేవాడు ఉత్త యాసిడ్ అంటాడు. ఈ పేర్లన్నిటినీ ప్రక్కకు నెట్టి 1789 అనే ఒక సంఖ్యకు దానిని కట్టివేశారు. కాగితంమీద కంపెనీ పెట్టుకొన్న ముద్దుపేరు వ్రాస్తే చెల్లదు, జాబితాలో ఉన్న పేరే వ్రాయాలి. అలంకారశాస్త్రంలో శబ్దానికి అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు వృత్తులు చెబుతాం. కావ్యానికి వ్యంజన ప్రాణం. పీపా మీది మాటకు అభిధ ఒక్కటే గతి. అక్కడ ధ్వని ఉండరాదు, శ్లేష ఉండరాదు, రెండవ అర్థానికి చోటుండరాదు.

రెండవ అర్థానికి చోటిస్తే ఏమవుతుందో 1996లో అమెరికాలో తెలిసింది. ఆ యేడు మే 11న మయామీ నుండి అట్లాంటాకు బయలుదేరిన వాల్యూజెట్ వారి 592వ విమానం పది నిమిషాలు గడవకముందే ఫ్లోరిడా చిత్తడినేలలలో కూలింది. 110 మంది ఉన్నారు, ఒక్కరూ మిగలలేదు. ఆ విమానపు సరుకు అరలో ఐదు అట్టపెట్టెలున్నాయి. వాటిలో వేరే విమానాల నుండి ఊడదీసిన ప్రాణవాయు జనకాలున్నాయి. అత్యవసర సమయంలో ప్రయాణికుల ముసుగులకు ప్రాణవాయువు నందించే చిన్న డబ్బాలవి. పనిచేయడం మొదలుపెడితే పైడొప్ప విపరీతంగా వేడెక్కుతుంది. పైగా మంటకు కావలసిన ప్రాణవాయువును అదే ఇస్తుంది. వాడుక గడువు తీరినందున వాటిని మార్చారు. గడువు తీరాయే గాని లోపలి మందు కరగిపోలేదు. ఊడదీసినవారు తగిలించిన చీటీలమీద గడువు దాటినవని వ్రాశారు. పొరపాటున పేలకుండా తొడుగవలసిన రక్షణ మూతలు తొడుగలేదు. తొడిగినట్లు కాగితంమీద సంతకాలు మాత్రం ఉన్నాయి. ఆ చీటీలు చూచిన గుమాస్తా అవి ఖాళీవని భావించాడు. రవాణా కాగితంమీద ఆక్సిజన్ డబ్బాలు, 'ఖాళీ' అని చేరింది. ఖాళీ డబ్బాలకు భయమెందుకు? విమానంలోకి ఎక్కించారు.

'గడువు తీరినది', 'లోపలిది తీరినది'. మన తెలుగులో కూడా తీరుట అనే ధాతువు ఈ రెండు అర్థాలనూ మోస్తుంది చూడండి. ఇట్టి పదాలను తరగతిలో నానార్థాల పాఠం క్రింద చెప్పి, సొంతవాక్యాలు వ్రాయమని, తప్పు వ్రాస్తే అరమార్కు తీసివేసేవాణ్ణి. అరమార్కు తప్పుకు నూటపది ప్రాణాలు పోయే చోటు ఒకటున్నదని నాకప్పుడు తెలియదు.

ఈ 'ఖాళీ' అనే మాట మన వీధులలో కూడా మనుషులను చంపుతున్నది. పెట్రోలు ఒంపివేసిన పీపాను మనం ఖాళీ పీపా అంటాం. దానిలో ద్రవం లేదు గాని ఆవిరి ఉంది. నిండు పీపాలో ఆవిరికి చోటు తక్కువ, ఒంపిన పీపాలో గాలితో కలిసిన ఆవిరి నిండి ఉంటుంది. దానిని కోసి నీళ్ళతొట్టి చేయించుకోవడానికి వెల్డింగు దుకాణానికి తీసుకొని వెళతారు. నిప్పురవ్వ తగలగానే అది బాంబు. అందుకే అంతర్జాతీయ నియమాలు, శుభ్రంగా కడుగనంతవరకు ఒంపిన పీపాకు కూడా నిండు పీపాకున్న చీటీలే ఉండాలంటాయి. కడిగిన తరువాత, ప్రమాదం పోయిన తరువాత, ఆ చీటీలు తీసివేయాలని కూడా అంటాయి. ఈ రెండవ మాట మనవారికి తలకెక్కదు. నాన్నా పులి కథ మనకందరికీ తెలిసినదే. పులి లేనప్పుడు పులి అని అరిస్తే, వచ్చినప్పుడు ఒక్కడూ రాడు. పాలు పోసుకొనే క్యానుపై విషం బొమ్మ, విషం పోసిన క్యానుపై నూనె బొమ్మ కనబడే దేశంలో, ఏ బొమ్మనైనా ఎవడు నమ్ముతాడు?

ఏటా ఏప్రిల్ 14 నుండి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. మా బడికి కూడా అగ్నిమాపక శాఖవారు వచ్చి పిల్లలకు మంటలార్పి చూపేవారు. ఆ తేదీ ఎందుకు వచ్చిందో నేనూ చాలాకాలం అడుగలేదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయింది. అందులో పత్తిబేళ్ళు, సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఒకేచోట ఉన్నాయి. ప్రమాదకరమైన సరుకున్న ఓడ రేవులో ఎర్రజెండా ఎగురవేయడం ఆచారం. యుద్ధకాలమది, ఆ జెండా ఎగురవేయలేదు. పత్తికి నిప్పంటుకొన్నది. ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక దళంవారు అరవైమందికి పైగా ఆ పేలుళ్ళలో ప్రాణాలు కోల్పోయారు. రేవులో, చుట్టుప్రక్కల వాడలలో వందలాదిమంది మరణించారు. వారి స్మృతిదినమే మనం జరుపుకొనేది. జెండా ఒక్కటి ఎగిరి ఉంటే ప్రమాదం తప్పేదని నేననను. అయితే చీటీ అన్నది ఎవరికోసమో ఆ దినం చెబుతుంది. పంపేవానికి లోపలేమున్నదో తెలుసు, అందుకొనేవానికీ తెలుసు. తెలియనివాడు మధ్యనున్నవాడు. దించే కూలీ, నడిపే డ్రైవరు, ఆర్పే మనిషి, దారినపోయేవాడు, ఆసుపత్రిలో వైద్యుడు. చీటీ వారికి వ్రాసిన ఉత్తరం. వ్రాసేవానికి వారి ముఖం తెలియదు. వారది చదివేది తీరిక వేళలో కాదు, మంట మధ్య.

ఇంత తెలిసి అబద్ధమెందుకు వ్రాస్తారు? కారణం గూఢమైనది కాదు. నిజం వ్రాస్తే కిరాయి పెరుగుతుంది, ప్రత్యేకమైన బండి కావాలి, శిక్షణ గల డ్రైవరు కావాలి, తనిఖీలుంటాయి, కొన్ని చోట్ల అసలు తీసుకోరు. ఎరువు అంటే సులభం, కిరాణా అంటే ఇంకా సులభం. 2015లో మద్రాసు కస్టమ్సువారు సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేటును పట్టుకొన్నారు. కాగితాలలో అది ఎరువుల కోవకు చెందినదని ఉంది, అధికారులు అది పేలుడు పదార్థాలకు వాడే కోవదన్నారు. నగరశివారు మణలిలో ఐదేండ్లు అది అట్లే పడి ఉంది. 2020 ఆగస్టు 4న బేరూతు రేవులో అదే పదార్థం 2,750 టన్నులు పేలి రెండువందల మందికి పైగా చనిపోయిన తరువాత గాని మనవారికి అది గుర్తుకు రాలేదు. అప్పుడు హడావిడిగా వేలం వేసినవారికి అప్పగించి లారీలలో హైదరాబాదుకు తరలించారు.

వ్యాపారులను నిందించి ఊరకుంటే ఈ వ్యాసం నాకు తేలికయ్యేది. కాని నేను కూడా ఆ పని చేశాను. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి శ్రావణమాసం నోముల కోసం ఒకసారి పార్సిలు పంపాను. పసుపు, కుంకుమ, వత్తులు, వాటితో బాటు అరకిలో హారతికర్పూరం. కొరియరు దుకాణంలో కుఱ్ఱవాడు "మండేవి ఏమైనా ఉన్నాయా మాస్టారూ?" అని అడిగాడు. "పూజాసామగ్రి నాయనా" అన్నాను. వాడు అదే వ్రాశాడు, నేను సంతకం చేశాను. అబద్ధమాడలేదని మనసుకు నచ్చజెప్పుకొన్నాను. కర్పూరం నారింజ పుస్తకంలో 2717వ సంఖ్య గల సరుకని, అంటుకొనే ఘనపదార్థాల తరగతిలో ఉన్నదని ఇప్పుడు తెలిసింది. తెలియకపోవడం ఒక సాకు కాదు. కర్పూరం మండుతుందని తెలియని హిందువెవడు? మండుతుందనే కదా కొంటాం! ప్రశ్నకు సమాధానం తెలిసి ప్రక్కమాట చెప్పాను. దీనిని అలంకారశాస్త్రంలో ఏమన్నా, ఆ విమానంలో కూర్చున్నవారి దృష్టిలో అది అబద్ధమే. విదేశాలలో బిడ్డలున్న ఇండ్లలో కర్పూరం, టపాకాయలు, పవర్ బ్యాంకులు ఈ విధంగా ఎన్ని పెట్టెలలో పోతున్నాయో మన మనస్సాక్షికే తెలియాలి. లిథియం బ్యాటరీలకు కూడా సంఖ్యలున్నాయి, 3480 అనీ, పరికరంతో కలిపి పంపితే 3481 అనీ. చరవాణికి ప్రాణం పోసే వస్తువది, దెబ్బతింటే దానంతటదే రాజుకొంటుంది.

ఇక మన దేశపు చట్టం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో దీనికి చక్కని ఏర్పాట్లున్నాయి. ప్రమాదకర సరుకును మోసే బండికి ఇరుప్రక్కలా, వెనుకా అత్యవసర సమాచారపు పలక ఉండాలి. దానిపై సరుకు పేరు 50 మిల్లీమీటర్లకు తగ్గని అక్షరాలలో, ఐక్యరాజ్యసమితి సంఖ్య 100 మిల్లీమీటర్లకు తగ్గని అంకెలలో, తరగతి గుర్తు 250 మిల్లీమీటర్ల చదరంగా ఉండాలి. ఆపదలో పిలువవలసినవారి పేరు, దూరవాణి సంఖ్య, సరుకును గురించి తెలిసిన నిపుణుని సంఖ్య కూడా ఉండాలి. డ్రైవరు వద్ద ఆ సరుకు గుణాలు, చేయవలసిన ప్రథమచికిత్స వ్రాసిన అత్యవసర కార్డు ఉండాలి. డ్రైవరుకు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఒకటి, దానితో బాటు ఆంగ్లం, చదువ వ్రాయ వచ్చి ఉండాలి. ఇందులో లోపమెంచడానికి నాకు అర్హత లేదు. అక్షరం ఎత్తును కూడా నిర్ణయించిన చట్టాన్ని భాషోపాధ్యాయుడు ప్రేమించకుండా ఉండలేడు.

నా బాధ ఒక్కటే. డ్రైవరుకు ఆంగ్లం రావాలని చట్టం విధించవచ్చు. దారిప్రక్క టీకొట్టువానికి, పొలంలో కలుపు తీసే ఆడకూతురికి, లారీ దించే కూలీకి అట్టి విధి లేదు కదా. జాతీయ రహదారి మీద నేను చూచిన పలకలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. చాలా ట్యాంకర్ల వెనుక పెద్ద అక్షరాలతో 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటుంది. ఆ మాట ఆంగ్లేయులనే తికమక పెట్టింది. 'ఇన్' అనేది కొన్ని మాటల ముందు 'కాని' అనే అర్థమిస్తుంది కనుక, ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిదని పొరబడే ప్రమాదముందని, అంతర్జాతీయ నియమాలలో 'ఫ్లేమబుల్' అనే రూపాన్నే స్థిరపరచారు. మనం మాత్రం పాతమాటనే బండికి వ్రాసుకొని తిరుగుతున్నాం.

దానికి బదులుగా తెలుగు వ్రాయమంటే వెంటనే మావంటి పండితులు ముందుకు వస్తారు. 'అత్యంత జ్వలనశీల ద్రవము' అంటారు. ఆ మాట నాకు ఎంతో అందంగా వినిపిస్తుంది, మా శిష్యునికి ఒక్క ముక్క తెలియదు. ఇంగ్లీషుతో వచ్చిన చిక్కే సంస్కృతంతోనూ వస్తుంది. 'ఇట్టే అంటుకొంటుంది, నిప్పు తేవద్దు' అని వ్రాయాలి. ఆ తొమ్మిది తరగతులకూ నాకు తోచిన తెలుగు ఇది:

ఒకటి, పేలేవి. రెండు, ఒత్తిడితో నింపిన వాయువులు: మండేవి, మండనివి, విషపువి. మూడు, ఇట్టే అంటుకొనే ద్రవాలు. నాలుగు, అంటుకొనే గట్టి సరుకులు, తమంత తామే రాజుకొనేవి, తడి తగిలితే మండే గాలిని వదిలేవి. ఐదు, మంటను ఎగదోసేవి. ఆరు, విషాలు, రోగం అంటించేవి. ఏడు, కంటికి కనబడని కిరణాలు వెదజల్లేవి. ఎనిమిది, ఒంటిని, లోహాన్ని తినివేసేవి. తొమ్మిది, పై ఎనిమిదింటిలో చేరని ఇతర ప్రమాదాలు.

విజ్ఞులు ఇంతకన్న మంచి మాటలు సూచిస్తే సంతోషిస్తాను. షరతు ఒక్కటే, సంతలో నిలబడి చదివితే అర్థం కావాలి.

నాల్గవ తరగతిలో 'తడి తగిలితే' అన్న దానికి ఒక ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. కార్బైడు మనకు కొత్త పేరు కాదు. మామిడికాయలను మాగవేయడానికి దొంగతనంగా వాడేదే. ఆహార భద్రతా నియమాలు నిషేధించినా ఆ వాడుక పోలేదు. తడి తగిలితే అది ఎసిటిలీన్ అనే మండే వాయువును వదులుతుంది. 2025 మే 25న కొచ్చి తీరానికి దూరంగా ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే ఓడ మునిగినప్పుడు, అందులోని ఆరువందల పైచిలుకు కంటెయినర్లలో పన్నెండింటిలో ఉన్నది ఈ కార్బైడే. కంటెయినర్లు కేరళ ఒడ్డుకు కొట్టుకొని వస్తుంటే వాటిని ముట్టవద్దని, దూరంగా ఉండమని ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. ఒడ్డున నిలబడిన జాలరికి ఏ పెట్టెలో ఏమున్నదో ఎట్లా తెలియాలి? మంటను చూస్తే నీళ్ళు పోయడం మనిషి స్వభావం. నీళ్ళు పోయకూడని మంట కూడా ఉంటుందని ముందుగా ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది, కాకినాడలో బయలుదేరిన ట్యాంకరు ఒరిస్సా మీదుగా బెంగాలుకు పోతుంది, ఎన్ని భాషలలో వ్రాస్తారు అని. ఇది న్యాయమైన ప్రశ్నే. పలకమీద పదునాలుగు లిపులు పట్టవు. అందుకే సంఖ్యనూ, బొమ్మనూ ఏర్పరచారు, వాటికి భాష లేదు. పలకను తెలుగు చేయమని నేను పట్టుపట్టను, చోటున్నంతలో సరుకు పేరు స్థానికభాషలో చేర్చమంటాను. డ్రైవరు చేతి కార్డు, పార్సిల్ ఆఫీసులో పంపేవాడు సంతకం చేసే పత్రం మాత్రం చదివేవాని భాషలోనే ఉండాలి. యూరపులో రోడ్డు రవాణా ఒప్పందం ప్రకారం, అత్యవసర సూచనల కాగితం బండిలోని ప్రతివాడూ చదివి అర్థం చేసుకోగల భాషలో ఉండాలి. అనేక భాషల ఖండంలో వారు చేయగలిగింది మనం చేయలేమా?

రెండవ ఆక్షేపణ ఇంకా బరువైనది. తెలిసినా జనం ఆగుతారా అని. 2017 జూన్‌లో పాకిస్తానులోని బహావల్‌పూరు వద్ద పెట్రోలు ట్యాంకరు బోల్తాపడితే, చుట్టుప్రక్కల జనం బిందెలు, సీసాలు పట్టుకొని వచ్చారు. నిప్పంటుకొని రెండువందల మందికి పైగా చనిపోయారు. అది పెట్రోలని వారికి తెలియక కాదు, తెలిసే వచ్చారు. పేదరికం పేరును చదువుతుంది గాని ప్రమాదాన్ని చదువదు. మన రహదారులలో కూడా ట్యాంకరు పడితే బకెట్లతో పరుగెత్తడం చూస్తూనే ఉన్నాం. కాబట్టి చీటీ ఉంటే చాలదు, చీటీని చదవడం నేర్పాలి. అది బడిలో నేర్పవలసిన చదువు. సంవత్సరానికొకసారి వచ్చే ఆ అగ్నిమాపక వారంలో, మంటలార్పే ప్రదర్శనతో బాటు ఈ తొమ్మిది గుర్తులను నల్లబల్లమీద గీసి చూపడానికి ఒక గంట చాలు. సంధులూ సమాసాలూ ఎన్నో గంటలు చెప్పినవాణ్ణి, ఒక గంట ఇవ్వలేకపోయేవాణ్ణి కాదు. ఎవరూ చెప్పమనలేదు, నాకూ తోచలేదు. ఇప్పుడు బడులలో ఉన్న నా తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ పని చేయాలని కోరుతున్నాను.

పార్సిల్ ఆఫీసుల యజమానులకు కూడా ఒక మనవి. పంపేవాడు చెప్పిన మాటను వ్రాసుకోవడంతో మీ బాధ్యత తీరదు. చట్టం పంపేవానికి ఒక బాధ్యత, మోసేవానికి ఒక బాధ్యత వేరువేరుగా పెట్టింది. పాత కాగితం చింపకుండా మళ్ళీ నింపిన డబ్బా వస్తే తిప్పిపంపండి. 'కిరాణా' అన్నవాణ్ణి కిరాణాలో ఏమిటని అడగండి. నన్ను ఆ కొరియరు కుఱ్ఱవాడు రెండవసారి అడిగి ఉంటే, నేను సిగ్గుపడి కర్పూరం పొట్లం బయటకు తీసి ఉండేవాణ్ణి. పంపేవారికి చెప్పవలసినది ఇంకా చిన్నది. డబ్బాలో ఏముందో దానిమీద అదే వ్రాయండి.

ఆ రోజు మా శిష్యుడు వెళ్ళబోతూ గడపవద్ద చెప్పులు తొడుక్కొంటుంటే అడిగాను, ఇప్పటికీ అదే పని చేస్తున్నావా అని. చేస్తున్నాడట, అదే ఆఫీసులో. "భయం వేయదా?" అన్నాను.

"ప్రతి డబ్బా చదువుతాను మాస్టారూ. చదివి, మూత తిప్పి చూసి, వాసన చూసి, అప్పుడు ఎత్తుతాను. వ్రాసింది ఉత్తదే అనుకొంటేనే మంచిది" అన్నాడు.

వాసన చూడటం కూడా ప్రమాదమే నాయనా, కొన్ని వాయువులు ఒక్క పీల్పుకే చాలు అని చెప్పాను. నవ్వి వెళ్ళిపోయాడు. అక్షరం వచ్చిన మనిషి అక్షరాన్ని నమ్మక ముక్కును నమ్ముకొంటున్నాడు. వానికి నేను నేర్పిన చదువును ఎవరో ఎనిమిది గీతల అబద్ధంతో తుడిచివేశారు. దానిని తిరిగి వ్రాయడం నా ఒక్కనివల్ల అయ్యే పని కాదు. వైశాఖంలో వాని బిడ్డ పెండ్లి. వెళతాను.

స్వస్తి.